పుల్లన్న గుండెలో బరువు

నూనె గానుగ వెనక పాకలో పుల్లన్న అనే ముసలి ఎద్దు ఉండేవాడు. కళ్ళకు గంతలు కట్టించుకుని జన్మంతా గానుగ చుట్టూ తిరిగినవాడు. అదిలిస్తే నడిచాడు, ఆపితే ఆగాడు, మేత వేస్తే ఆకలేస్తోంది కాబోలనుకున్నాడు. తన ఒంట్లో ఏముందో తనను తాను అడగవలసిన అవసరం అతనికెప్పుడూ రాలేదు. వయసు మీదపడ్డాక యజమాని గంతలు విప్పేసి పాకలో కట్టేశాడు. అతనితో వంతులేసుకుని గానుగ లాగిన మైలన్న అనే తోటి ఎద్దు ఆ వానాకాలంలోనే చచ్చిపోయాడు.

అప్పట్నుంచి పుల్లన్నకు గుండెలో ఏదో బరువు. గడ్డి రుచించదు, నెమరు సాగదు, పడుకుంటే నిద్ర పట్టదు. ముసలితనమని కొన్నాళ్ళు, అజీర్తి అని కొన్నాళ్ళు అనుకున్నాడు.

పాకలో అతనికి మిగిలిన తోడు బొల్లమ్మ అనే కోడిపెట్ట. గుడ్లు పెట్టడం మానేసి చాలాకాలమైంది కానీ కబుర్లు మానలేదు. పొద్దుగూకేసరికి పుల్లన్న వీపెక్కి ముడుచుకునేది. ఆ కొమ్ముల చాటున ఉన్నంతకాలం దాన్ని తాకే ధైర్యం కంచె అవతల తిరిగే నక్కకు లేదు.

"అన్నా, ఆ బరువు ఎప్పుడు ఎక్కువవుతోంది?" అని ఒకనాడు అడిగింది బొల్లమ్మ.

"ఏమో. ఎవరు చూశారు?"

"నేను చూశాను. మైలన్నను కట్టేసిన గుంజ వైపు తల తిప్పినప్పుడల్లా నీ డొక్కలు ఎగిసిపడతాయి. వీపు మీద ఉండేదాన్ని, నాకు తెలీదా? అది జబ్బు కాదన్నా, దిగులు. వాడి కోసం ఒక్కసారి ఏడ్చెయ్."

పుల్లన్నకు కోపమొచ్చింది. ఎద్దు పుట్టుక పుట్టి ఏడవడమేమిటి, తోటి పశువులు నవ్వవా అన్నాడు. గింజలేరుకునేదానికి వైద్యమెందుకని కసిరాడు.

కంచె అవతల నక్క ఇదంతా విన్నది. మర్నాడు నక్క వినయాలన్నీ ఒలకబోస్తూ వచ్చి, పెద్దయ్య చిక్కిపోయాడేమని పరామర్శించింది. అడవిలో తాను నయం చేసిన జబ్బులన్నీ ఏకరువు పెట్టింది. పుల్లన్నకు ప్రాణం లేచివచ్చింది. ఎవరో ఒకరు చెప్పాలే గానీ, చెప్పినట్టు నడవడం అతనికి అలవాటైన పనే.

"సాయంత్రం పూట నీ వీపు మీద ఏముంటుంది పెద్దయ్యా?"

"బొల్లి పెట్ట."

"అదీ సంగతి. రోజూ మోసిన భారం కాస్తా గుండెలోకి దిగింది. నాలుగు రోజులు దాన్ని బయట పడుకోమను. తేలికపడకపోతే నన్నడుగు."

పుండొకచోట, మందొకచోట. ఆ సాయంత్రం పుల్లన్న వీపు విదిలించి, గుండె తేలికపడేదాకా బయట పడుకోమన్నాడు. బొల్లమ్మ వాదించలేదు.

"నీకు నెమ్మదిస్తుందంటే అంతకంటే కావలసిందేముంది అన్నా," అని, వెళ్ళి కంచె పక్కనున్న చింతమొద్దు మీద కూర్చుంది. ముసలి రెక్కలు, అంతకన్నా పైకి ఎగరలేకపోయింది.

వెలుగు ఇంకా పూర్తిగా పోకముందే ఒక్క అరుపు వినిపించింది. పుల్లన్న పలుపు తెంచుకుని పరుగెత్తాడు. కంచె కింద నాలుగు ఈకలు మాత్రం ఉన్నాయి.

పాకలోకి తిరిగొచ్చి నిలబడ్డాడు. వీపు మీద బరువేమీ లేదు. గుండె మాత్రం మునుపటికి రెట్టింపు బరువెక్కింది. డొక్కలు ఎగిసిపడ్డాయి. అదే చోటు, అవే గుర్తులు. ఈసారి ఎవర్నీ అడగక్కర్లేకపోయింది.

"నువ్వన్నదే నిజం బొల్లమ్మా, ఇది దిగులే," అన్నాడు. ముందు బొల్లమ్మ కోసం ఏడ్చాడు, తర్వాత మైలన్న కోసం ఏడ్చాడు. వినడానికి పాకలో ఎవరూ లేరు.

నీతి: తన గుండెలోని దిగులును తాను పోల్చుకోలేనివాడు, పరాయివాడు చెప్పిన మందుకు ఆశపడి అయినవాళ్ళను పోగొట్టుకుంటాడు.