మజిలీ బానలో ఉప్పు

గోదారి ఒడ్డున ఉన్న తేనెకొండ మీద అన్నీ దొరుకుతాయి. ఇప్పపూలు, ఉసిరికాయలు, పుట్టగొడుగులు, కావలసినన్ని తగాదాలు. దొరకనిదల్లా ఒక్క ఉప్పు.

ఆ ఉప్పు సముద్రం పక్కన ఉప్పుమళ్ళలో పీతలు గీకాలి. కొంగలు దాన్ని ఆకుదొన్నెల్లో లంకల దాకా మోయాలి. అక్కణ్ణుంచి నీటికుక్కలు ఏటికి ఎదురీది కొండ అడుగుకి చేర్చాలి. చివరికి అబ్బులు అనే గాడిద వీపు మీద అది పైకెక్కాలి. పీతకి కోపమొచ్చినా, కొంగకి కునుకొచ్చినా కొండంతా చప్పిడి పథ్యమే.

మూడేళ్ళ కిందట అదే జరిగింది. వానలకి ఉప్పు దిగువనే ఆగిపోయింది. అప్పుడే ఈనిన నూకాలు అనే కణుజు జింకకి నాకడానికి ఉప్పు లేక పాలు పడలేదు. పిల్ల నాలుగు రోజులు బతికింది. అయిదో రోజున అబ్బులు వెళ్ళి, కుమ్మరి పారేసిన మూడు బానలు తెచ్చి, కొండదారిలో మూడు మజిలీల దగ్గర పెట్టాడు. అప్పట్నుంచి ప్రతి మూడో మోత పైకి వెళ్ళదు, బానల్లో పడుతుంది. ఏటిదారి చాలదని ఎడ్లబాటొకటి, కోతుల చెట్లదారొకటి కూడా నడిపించాడు. కోతులు దారిలో సగం ఒలకబోస్తాయి, ఎడ్లబాట చుట్టు తిరుగుడు. అయినా మానలేదు.

దానికి కొండంతా కలిసి ఒక కట్టుబాటు పెట్టుకుంది. బానలో పడ్డ ఉప్పుకి పేరుండదు. పోసినవాడు కూడా నాది అనకూడదు. అవసరం ఎవరిదైతే ఉప్పు వాళ్ళది.

ఇలా ఉండగా, కృష్ణ ఒడ్డు నుంచి పానకాలు అనే నక్క దిగాడు. వచ్చిన వారానికే కొండపెద్ద అయిన ఎలుగు మునసబు ముందు, నిండు సభలో తోక సర్దుకుని కూర్చున్నాడు.

"మునసబు గారూ, మీ కొండలో తెలివి తక్కువేం కాదు గానీ, ఉప్పు మాత్రం ఊరికే కూర్చుంటోంది. మూడు బానల నిండా కూర్చుంది. పనిచెయ్యని ఉప్పుని మేపుతారా ఎవరైనా?"

"ఉప్పుని మేపడమేమిటయ్యా?" అన్నాడు మునసబు, తేనె మూతి తుడుచుకుంటూ.

"శీతాకాలంలో దూరదేశాల బాతులు వచ్చాయి చూడండి, వాళ్ళనడిగి తెలుసుకున్నాను. అక్కడెవరూ నిల్వలుంచరట. కావలసిన రోజుకి కావలసినంతే వచ్చి వాలుతుందిట. దారొకటి, మోతొకటి, ముహూర్తమొకటి. పంచాంగం చూసి చెబుతాను, ప్రతి గురువారం పొద్దెక్కేసరికి ఉప్పు మీ గుమ్మంలో ఉంటుంది."

అబ్బులు చెవులు రెండూ ముందుకి వంచాడు. "ఆయ్, చిన్న మాటండి. ఆ బాతులు వానాకాలంలో ఎప్పుడైనా మన దగ్గరున్నాయాండి?"

"గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన" అన్నాడు పానకాలు. సభ పొట్టపట్టుకుని నవ్వింది. అబ్బులు కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని.

అప్పుడు నూకాలు లేచింది. మళ్ళీ చూలుతో ఉంది. "రాకపోతే?" అంది.

"ఎందుకు రాదమ్మా? మృగశిర దాకా వాన లేదు. పంచాంగంలోనే ఉంది."

"వస్తుందో రాదో నేనడగలేదు బాబూ. రాకపోతే ఏం చేస్తారని అడుగుతున్నాను."

"రాకపోవడం నా లెక్కలో లేదు" అన్నాడు పానకాలు, చాలా గర్వంగా.

మునసబుకి ఆ గర్వం తెగ నచ్చింది. ఆ పూటే పానకాలుకి ఉప్పు పెత్తనం ఇచ్చేశాడు. ఎడ్లబాట మూతపడింది. కోతులకి సెలవిచ్చేశారు. బానల్లో ఉప్పంతా "భద్రం కోసం" ఏటి గట్టు మీద పానకాలు బొరియలోకి చేరింది.

భద్రం ఏమిటో నేను చెబుతాను. గోదారికి ఎర్రనీరు వస్తే పులస చేపలొస్తాయి. పులసల్ని ఉప్పులో ఊరేస్తే ఏడాదంతా తినొచ్చు. పుస్తెలమ్మయినా పులస తినాలంటారు. పానకాలుకి పుస్తెలెక్కడివి, అందుకని కొండ ఉప్పు మీద పడ్డాడు.

చెప్పొద్దూ, మొదట ఆరు గురువారాలూ వైభవంగా గడిచాయి. కొంగ వాలగానే నీటికుక్క సిద్ధం, నీటికుక్క గట్టెక్కగానే అబ్బులు సిద్ధం, అబ్బులు పైకి రాగానే మునసబు నాలుక సిద్ధం. కుందేళ్ళు ఉప్పు రాకని బట్టి పొద్దు చెప్పుకోవడం మొదలెట్టాయి. పానకాలు కనిపిస్తే ఉడతలు కూడా లేచి నిలబడేవి. అబ్బులు మాత్రం ఖాళీ బానల దగ్గర ఆగి, మూతలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని వెళ్ళేవాడు.

"ఖాళీ బానకి మూతెందుకురా?" అని కోతులు ఏడిపించేవి.

"ఉండనీండి. బానకి అలవాటు తప్పకూడదు కదండి" అనేవాడు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగలాల్సిన కార్తె. రోళ్ళు పగల్లేదు, ఆకాశం పగిలింది. మూడు రోజులు ఎడతెగని తుఫాను. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు? పంచాంగానికి అసలు తెలీదు. కొంగలు ఏ లంకలో చిక్కుకున్నాయో కబురే లేదు. నీటికుక్కలు ఏట్లో దిగి, దిగినచోటికి రెండు మైళ్ళ దిగువన తేలి, ఇక మావల్ల కాదన్నాయి. గురువారం వచ్చింది, ఉప్పు రాలేదు.

సరిగ్గా అదే రోజు నూకాలు నెలలు నిండకుండానే ఈనింది. లేత కాళ్ళ ఆడపిల్ల. వెతికి వెతికి పొదుగు దగ్గర మూతి పెట్టింది. చుక్క పాలు లేవు.

మునసబు పానకాలుని పిలిపించాడు. "ఉప్పేదయ్యా?"

"దారిలో ఉందండి."

"ఏ దారిలో?"

"వచ్చే గురువారం దారిలో."

"బానల్లోంచి తీసిందో?"

"అది... చెమ్మకి కరిగిపోయిందండి" అన్నాడు పానకాలు, రెప్ప వాల్చకుండా.

నూకాలు ఏడవలేదు. అబ్బులు వైపు చూసింది, అంతే. అబ్బులు వానలోనే ఏటి గట్టుకి బయల్దేరాడు.

"పానకాలు గారూ, ఉన్నారాండి?"

"ఎగతాళి చెయ్యడానికొచ్చావా?" లోపల్నుంచి వినిపించింది.

"లేదండి. మీ గుమ్మానికి జానెడు కిందుందండి ఏరు. చెప్పిపోదామని వచ్చాను."

"రేపటికి తగ్గుతుంది. లెక్క వేశాను."

"తగ్గకపోతేనో అండి?"

బొరియలోంచి ముందు ముక్కు, వెనక రెండు కళ్ళు బయటికొచ్చాయి. కళ్ళు ఏటిని కొలిచాయి. "అబ్బులూ, నీకొక్కడికే చెబుతున్నాను. లోపల కొంచెం ఉప్పుంది."

"అలాగాండి."

"కొంచెమంటే, కొంచెం ఎక్కువే. అంతా ఒక్కచోటే ఉంది. నీళ్ళొస్తే ఏం గాను? ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతారేంటండి. గంధపు వాసన కూడా తెలీనోణ్ణి."

"బాబ్బాబు, ఆ మాట మర్చిపో. నీదే అయితే ఏం చేస్తావు?"

"నాదైతే మూడు చోట్ల పెట్టుకుందునండి. ఒకటి పోయినా రెండు మిగులుతాయి. కాస్త ఎత్తుగా, చెమ్మ తగలకుండా, మూతలున్న చోట్లయితే..."

పానకాలు తోక నిటారుగా లేచింది. "బానలు! మూడున్నాయిగా. ఎవరైనా చూస్తారేమో?"

"ఖాళీ చేసింది మీరే కదండి. ఖాళీ బానలోకి తొంగిచూసేవాడెవడండి?"

పెత్తందారు బుర్ర ఇక ఆగలేదు. "అయితే విను. అంతా ఒక్క దారిన వద్దు, కొండచరియ విరిగితే మొత్తం పోతుంది. ఎడ్లబాటన నువ్వు మొయ్యి. చెట్లదారిన కోతుల్ని పిలు. కొండదారిన నేనే వస్తాను. మోత కూడా ఒక్కరిని నమ్ముకోకూడదు అబ్బులూ, తెలిసిందా?"

"ఆయ్, తెలిసిందండి. ఎంత బాగా చెప్పారండి" అన్నాడు అబ్బులు. నవ్వు పైకి రాకుండా ఒక గడ్డిపరక నోట్లో పెట్టుకున్నాడు.

పొద్దు వాలకముందే పని అయిపోయింది. చెట్లదారిన కోతులు రెండో బాన నింపాయి. ఎడ్లబాటన అబ్బులు మూడోది నింపి, అక్కణ్ణుంచి తిన్నగా మునసబుని పిలుచుకొచ్చాడు. పానకాలు మొదటి బాన తన చేతుల్తో నింపుకుని, ఒక్క పలుకు కిందపడితే నాలికతో ఏరుకుని, మూత పెట్టి వెనక్కి తిరిగాడు.

వెనక మునసబు ఉన్నాడు. పక్కన నూకాలు, దాని కాళ్ళ మధ్య వణుకుతున్న పిల్ల. వాళ్ళ వెనక కొండంతా ఉంది.

అబ్బులు ముట్టెతో మూత తీశాడు. "నూకాలమ్మా, రా తల్లీ. కడుపునిండా నాకు."

"అది నాది!" అని అరిచాడు పానకాలు.

మునసబు తల గోక్కున్నాడు. "కరిగిపోయిందన్నావు కదయ్యా?"

"అంటే... కరిగినట్టే కరిగి..."

"మళ్ళీ గట్టిపడి, నడుచుకుంటూ వచ్చి బానలో పడిందన్నమాట. సరే, పడిందిగా. బానలో పడ్డాక పేరుండదు."

పానకాలు ఉప్పు మీదికి దూకబోయాడు. దూకలేకపోయాడు, ఎందుకంటే అబ్బులు ఎప్పుడో వాడి తోక మీద కాలేసి నిలబడ్డాడు. "చూసుకోలేదండి, క్షమించాలి" అన్నాడు గానీ కాలు తియ్యలేదు. నక్కతోక తొక్కితే అదృష్టమంటారు, ఆ రోజు అది నూకాలుకి పట్టింది. చీకటి పడేలోపు పొదుగు బరువెక్కింది. పిల్ల తాగింది, తుమ్మింది, మళ్ళీ తాగింది. కోతులు కారణం లేకుండా చెట్లన్నీ ఊపాయి. నూకాలు అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రమే ఏరు గట్టెక్కి పానకాలు బొరియని తుడిచిపెట్టుకుపోయింది. ఉప్పు అక్కడే ఉంటే గోదారి మొత్తం తాగినా దొరికేది కాదు. ఆ సంగతి అందరికంటే ముందు పానకాలుకే అర్థమైంది, కానీ ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఎడ్లబాట మళ్ళీ తెరిచారు. ప్రతి మూడో మోత పానకాలే మొయ్యాలని మునసబు తీర్పు. పులసలు వచ్చాయి. వాడు చప్పిడివే తిన్నాడు. కొత్తగా ఏ నక్క వచ్చి కొండకి లెక్కలు చెప్పబోయినా, నూకాలు కూతురు తల్లి దగ్గర నేర్చుకున్న ఒక్క మాటే అడుగుతుంది: "రాకపోతే?"

నీతి: తన ఉప్పుకి మూడు చోట్లు వెతుక్కునేవాడు, ఊరి ఉప్పుకి ఒక్క దారి చాలంటే నమ్మకండి.