ఏడ్చే గోడ

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపట్నుంచి నా కాఫీలో చక్కెర మానేస్తా, ఒట్టు. మీరు నిద్రపోతే మాత్రం ఒట్టు చెల్లదు.

అనగనగా కొండ వీపుకి ఆనుకుని ఒక ఊరు. ఆ ఊళ్ళో సూరమ్మ అని ఒక అత్త. ఆవిడది మామూలు అనుమానం కాదర్రా! పాలు పొంగితే పొయ్యిని అనుమానించేది, కోడి కూస్తే ఎవరు నేర్పారని అడిగేది.

వానొస్తే చాలు, కొండ జారి ఆవిడ దొడ్లోకొచ్చేది. ఓసారి చింతచెట్టు నడుచుకుంటూ వచ్చి వంటింట్లో కూర్చుంది. నవ్వకు, నిజం! కొండ కిందే పశువుల పాక, పాకలో చూడి గేదె. ఈసారి కొండ జారితే గేదె, కడుపులో దూడ, రెండూ మట్టికిందే.

అందుకని కోడలు పైడమ్మ కొండకీ పాకకీ మధ్య సిమెంటు దిమ్మలతో అడ్డుగోడ పెట్టించింది. మొదటి వరస నేలలో పాతారు. ఆపైన దిమ్మ మీద దిమ్మ, దిమ్మ మీద దిమ్మ, ఒక్కో వరసా కాస్త కొండవైపు వెనక్కి.

సూరమ్మ చుట్టూ తిరిగి చూసింది. "మధ్యలో సిమెంటు పూయలేదేం? మీ పుట్టింటికి పంపేశావా?"

"లేదత్తా, ప్రతి దిమ్మకీ వెనక పెదవిలా కిందికి దిగిన అంచుంది. అది కింది దిమ్మని పట్టుకుంటుంది."

"వంకరగా ఉందేం?"

"కొండ ముందుకి తోస్తుంది కదా, అందుకని గోడ వెనక్కి వాలి కాసుకుంటుంది."

"మరి వెనకాల అంత కంకర పోశారు, అందులో ఏం దాచావ్?"

"ఏమీ లేదత్తా, నీళ్ళకి దారి!"

ఊ కొడుతున్నారా, ఊరికే మూలుగుతున్నారా?

వాన మొదలైంది. గోడ అడుగున ఉన్న గొట్టంలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. సూరమ్మ గుండెలు బాదుకుంది. కొత్త గోడ ఏడుస్తోంది! ఇంటికి అరిష్టం! లోపల దెయ్యముంది, కోడలే పెట్టించింది! పాత కోక చింపి, పసుపు రాసి, నిమ్మకాయతో సహా గొట్టంలో కుక్కేసింది. గోడ ఏడుపు మానింది. దెయ్యాన్ని వదిలించానని ఊరంతా చెప్పుకొచ్చింది.

వాన మాత్రం ఆగలేదు. గోడకి పొట్ట వచ్చింది. గేదెకన్నా గోడే ముందు ఈనేలా ఉంది! దిమ్మలు కిర్రుమన్నాయి. గేదెకి నొప్పులొచ్చి చతికిలబడింది. ఎంత లాగినా లేవదు. సూరమ్మ దాని మెడ పట్టుకుని, "దెయ్యం పగబట్టిందే పైడీ!" అని ఒకటే ఏడుపు.

పైడమ్మ గోడని చూసింది, గొట్టాన్ని చూసింది. పసుపు గుడ్డ కొస కనిపించింది.

"అత్తా, ఇది నీ కోకేనా?"

అత్త ఆకాశం కేసి చూసింది. "అయ్యుండొచ్చు."

గుడ్డని కోడలు లాగింది, కోడల్ని అత్త లాగింది, అత్త కొంగుని గేదె లాగింది. బుస్సుమని నీళ్ళు! నిమ్మకాయ ఎగిరెళ్ళి పొరుగూరి మునసబుగారి తలపాగాలో పడింది. గోడ ఊపిరి పీల్చుకుని అలాగే నిలబడింది. దాని నీడలోనే గేదె ఈనింది, నుదుట చుక్కతో పెయ్యదూడ.

ఆ జున్ను ఊరంతా తిన్నారు. ఇప్పటికీ వానొస్తే సూరమ్మ గొట్టం ముందే పీట వేసుకుంటుంది. "ఏమే పైడీ, ఇవాళ గోడ ఏడవదేం? ఏం చేశావ్?" అంటుంది.

నీళ్ళకి దారివ్వాలర్రా, అంతే. కథ కొండకి, మనం మంచానికి.

ఉండు, నువ్వెక్కడికి? మన మేడ మీద తూములో ఎవరో బంతి కుక్కారు. ఎవరని నేనడగను. చినుకులు పడుతున్నాయి, పోయి తీసిరా.