కుంకుడు నురగలో దివానుగారు

ఎప్పుడని, ఎక్కడని అడక్కండి గానీ, ఒక కోటలో చీటీలు మోసే గవరయ్య ఉండేవాడు. కొత్త దివాను శరభరాజుగారు వస్తూనే ఆజ్ఞ వేశారు. ఇకమీదట కోటలో ఎవరికేం కావాలన్నా నోటితో అడక్కూడదు, చీటీ రాయాలి. లోపలిదైనా బయటిదైనా ప్రతి చీటీ ఏటి అవతలి ఠాణాలో ముద్ర వేయించుకునే రావాలి.

"పక్కగదికి రాసింది కూడానా దొరా?" అన్నాడు గవరయ్య.

"కూడా! తప్పావంటే నీ కొలువు ఊడుతుంది."

పాపం, వారం తిరక్కుండానే గవరయ్య కాళ్లు బొబ్బలెక్కాయి.

ఓనాడు దివానుగారు తలంటుకుంటున్నారు. కళ్లనిండా కుంకుడు నురగ, ఒంటిమీద గోచీ, గంగాళంలో నీళ్లు ఖాళీ! "నీళ్లురా!" అని కేకపెట్టారు. గోడవతలే ఉన్న వంటవాడు విన్నాడు గానీ కదల్లేదు, నోటిమాట చెల్లదు కదా! గవరయ్య తలుపు సందులోంచి కాగితం, కలం అందించాడు.

చీటీ ఏరు దాటింది, వచ్చింది. వంటవాడి జవాబూ ఏరు దాటింది, వచ్చింది. ఈలోగా నురగ ఎండి దివానుగారి జుట్టు ముళ్లపందిలా లేచి నిలబడింది.

"నీళ్లేవిరా?"

"జవాబొచ్చింది దొరా. వేడివా, చల్లవా అంటున్నాడు."

"నీ కొలువు పీకేశాను, ఫో!"

"చిత్తం. ఆ మాట రాసివ్వండి. ముద్ర పడేదాకా కొలువులో ఉన్నట్టే కదా!"

దివానుగారు కూలబడిపోయారు. "లోపలి చీటీలు లోపలే ఇచ్చుకోండిరా, బయటివే ఏరు దాటాలి!"

గవరయ్య మళ్లీ కాగితం అందించాడు. "ఈ కొత్త ఆజ్ఞకి ముద్ర వేయించుకురానా దొరా?"

దివానుగారు గోడకేసి తిరిగి గొంతు చించుకున్నారు: "వేడివేరా నాయనా! నోటితోనే అడుగుతున్నా!"