గవర్రాజు మేళానికి కొత్త శిష్యుడు

జీడిపేట మొత్తానికి బుర్ర ఉన్నది తన ఇంట్లోనే అని సన్నాయి గవర్రాజుకి గట్టి నమ్మకం. చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడని అతని లెక్క. భార్య సూరమ్మ శ్రుతిపెట్టె పట్టేది, బావమరిది దాలయ్య డోలు వాయించేవాడు. వాళ్ళిద్దరిదీ అదే తెలివి. ఇంత తెలివున్నా ఏడాదిగా ఒక్క పెళ్ళీ తగల్లేదు. పెళ్ళిళ్ళన్నీ డీజేల పాలయ్యాయి. ఈసారి ముహూర్తాలు కూడా ఇలాగే పోతే తండ్రి ఇచ్చిన సన్నాయి మూలన పడుతుందని గవర్రాజుకి లోలోపల దిగులు.

అలాంటప్పుడు పట్నం నుంచి ప్రణతి అనే అమ్మాయి వచ్చింది. ఎవరూ చూడని వాయిద్యాలు తయారుచేస్తుందట. ఓ పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టింది.

"గవర్రాజు గారూ, దీన్ని మీ శిష్యుడనుకోండి. పది రోజులు మీ దగ్గరుండి వింటుంది. ఏం వింటే అదే నేర్చుకుంటుంది. తర్వాత ఎవరు దీని ముందు చెయ్యి ఊపినా నేర్చుకున్నది పలుకుతుంది. ముట్టుకోకండి, ఎండ తగలనివ్వకండి. టౌన్‌హాల్లో ప్రదర్శన బాగా జరిగితే మీ మేళం పేరు మళ్ళీ నాలుగూళ్ళకీ తెలుస్తుంది."

"నువ్వు చెప్పింది చెప్పినట్టే చేస్తాం తల్లీ," అన్నాడు గవర్రాజు. అంతే, తంటా అక్కడే మొదలైంది.

ఆ ఇంట్లో శిష్యుడికి కడుపు నింపాకే పాఠం. సూరమ్మ గంజి తెచ్చింది.

"ముట్టుకోవద్దంది కదే," అన్నాడు గవర్రాజు.

"ముట్టుకోవద్దంది గానీ తిండి పెట్టొద్దందేటి? ఎత్తు నుంచి పోస్తాను."

పోసింది. పెట్టె గుడగుడమంది. ఆరబెడదామంటే ఎండ తగలకూడదాయె. సరే, పొయ్యి పక్కకి చేర్చాలనుకున్నారు. చేత్తో ముట్టుకోకూడదు గనక దాలయ్య డోలు కర్రతో నెట్టాడు. ఇంకేముంది, ఆ వేడికి పెట్టె ఓ మూల కరిగి ఉబ్బింది. "మన గంజి ఒంటికి పట్టింది," అని సూరమ్మ మురిసిపోయింది.

ఇక పాఠం. గవర్రాజు సన్నాయి నోట పెట్టుకుని ఆగిపోయాడు.

"దాలయ్యా, నీకు మూడో దెబ్బ ఎప్పుడూ తప్పుతాది. ఇది విందంటే ఆ తప్పే నేర్చుకుంటాది."

"పైకెళ్తే నీ సన్నాయి కీచుమంటాది బావా. అది మాత్రం నేర్చుకోదేటి?"

ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. తప్పు వినపడకూడదంటే అసలేమీ వినపడకపోవడమే మేలని తేల్చారు. పది రోజులూ గవర్రాజు ఊదకుండా వేళ్ళు ఆడించాడు, దాలయ్య డోలుకి జానెడు ఎడంగా కర్ర తిప్పాడు. ఎవరు దగ్గినా, తుమ్మినా సూరమ్మ పెట్టె వైపు చూపించి, "ఉష్, ఊరుకో, వింటంది," అనేది. రోజుకి నూరుసార్లు అనేది.

పదకొండో రోజు టౌన్‌హాలు నిండిపోయింది. పట్నం నుంచి కళ తెలిసినవాళ్ళు దిగారు. ఉబ్బిన మూల చూసి ప్రణతి మొహం మాడిపోయింది. చేసేదేం లేక దాని ముందు చెయ్యి ఊపింది.

"ఉష్, ఊరుకో, వింటంది," అంది పెట్టె.

ప్రణతి మళ్ళీ ఊపింది. మళ్ళీ అదే మాట. ముందు వరుసలో గడ్డపాయన కళ్ళు తుడుచుకుని, "సంగీతమంటే ముందు వినడమని ఇంత బాగా ఎవరూ చెప్పలేదు," అన్నాడు. ఆ ఉబ్బిన మూల గురించి ఇంకొకాయన పావుగంట మాట్లాడాడు. చప్పట్లు మోగాయి. ప్రణతికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"గవర్రాజు గారూ, మీ శిష్యుడు మిమ్మల్ని మించిపోయాడు," అంది నవ్వుతూ.

గవర్రాజుకి గర్వంతో ఏడుపొచ్చింది. శిష్యుడు మించిపోతే గురువు ఆ శిష్యుడి దగ్గరే నేర్చుకోవాలని తండ్రి పెట్టిన పద్ధతి. ముగ్గురూ పెట్టెకి దణ్ణం పెట్టి, దాని ముందు కూర్చుని, చేతులు ఊపి ఊపి అది చెప్పిన పాఠం వల్లెవేశారు.

"పట్నం వాళ్ళనే ఏడిపించారంటే గొప్ప మేళమే," అని అక్కడికొచ్చిన రైసుమిల్లు ఆసామి తన కూతురి పెళ్ళికి వాళ్ళనే మాట్లాడుకున్నాడు. ఏడాదిగా తగలని పెళ్ళి ఇప్పుడు తగిలింది. గవర్రాజు ఆనందం పట్టలేక సన్నాయికి కొత్త కుచ్చులు కట్టాడు.

ముహూర్తం వచ్చింది. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని లేచాడు. వెయ్యిమంది అక్షింతలు పట్టుకుని నిలబడ్డారు. పురోహితుడు వేలెత్తి, "గట్టిమేళం, గట్టిమేళం," అని కేకేశాడు.

ముగ్గురూ వాయిద్యాలు పక్కన పెట్టి, నిటారుగా లేచి, పందిరి అదిరేలా ఒకే గొంతుతో అన్నారు.

"ఉష్, ఊరుకో, వింటంది."

పెళ్ళికొడుకు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పురోహితుడు మంత్రం మింగేశాడు. వెయ్యిమందీ అక్షింతలు విసరకుండా చెవులు రిక్కించారు. గవర్రాజు దాలయ్య వైపు తిరిగి భుజం తట్టాడు.

"ఇన్నాళ్ళకి ఒక్క దెబ్బా తప్పలేదురా," అన్నాడు.