కుళాయికి కట్టిన గంట

అనగనగా ఒక ఊళ్ళో, కొండ వాలు మీద మెట్లు మెట్లుగా ఇళ్ళుండేవి. అందులో ఒక ఇంట్లో నూకరత్నం అనే పిల్ల ఉండేదిరా కన్నా. ఊఁ కొట్టాలి మరి.

వాళ్ళమ్మ పైడమ్మ. తెల్లారకముందే లేచి బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టేది. మధ్యాహ్నం ఇంటికొచ్చాకే ఆవిడకి కాస్త కునుకు. ఆ కొండ మీదికి కుళాయి నీళ్ళొచ్చేదీ మధ్యాహ్నమే, అదీ ఎప్పుడొస్తాయో చెప్పి రావు. అందుకని పైడమ్మ బిందె పక్కన పెట్టుకుని, కుళాయి దగ్గరే కూర్చుని తూగేది. ఒకరోజు ఆ నిద్రమత్తులోనే గారెలు వేస్తూ చెయ్యి కాల్చుకుంది.

నూకరత్నం కాలేజీలో కంప్యూటర్ చదువుతోంది. ప్రోగ్రాములన్నీ ఎక్కాల్లా బట్టీపట్టి దండిగా మార్కులు తెచ్చుకుంది. అప్పుడు అమ్మ చెయ్యి చూసి, నీళ్ళు రాగానే మోగే గంట చేద్దామని కూర్చుంది. ఒక్క ముక్క తోచలేదు. ఏడుపొచ్చింది పాపం.

అప్పుడు వాళ్ళ జుబేదా మేడం దగ్గరికి వెళ్ళింది. మనం రాసిన మాట వినే చిన్న బోర్డు ఒకటి, నీళ్ళు తగిలితే దానికి కబురు చెప్పే రెండు తీగలు, ఒక గంట ఆవిడ నూకరత్నం చేతిలో పెట్టింది. "పుస్తకం మూసెయ్యమ్మా. నీకేం కావాలో ముందు తెలుగులో అనుకో. అందులో ఒక్క ముక్క రాసి చూడు. తప్పొస్తే భయపడి చెరిపెయ్యకు, ఎక్కడొచ్చిందో చూడు" అంది.

తీగలు కుళాయికి కట్టిన మొదటిరోజు గంట మోగింది. నీళ్ళు ఆగిపోయినా అది ఆగలేదు. ఆగమని రాయలేదు మరి, బోర్డుకేం తెలుసు? పైడమ్మ దాన్ని దుప్పట్లో చుట్టి బియ్యం డబ్బాలో కుక్కింది. నూకరత్నం నవ్వుకుని, ఆగే మాట కూడా రాసింది.

ఆ తర్వాతి రోజు గంట మోగితే పైడమ్మ బిందెతో పరిగెత్తింది. నీళ్ళు లేవు. కుళాయి గాలి కక్కి, రెండు చుక్కలు చిమ్మి ఊరుకుంది. "నీ చదువు తగలెయ్య, ఉన్న కునుకూ పాడుసేసినావు" అని విసుక్కుంది పైడమ్మ. ఇంకో పిల్లయితే అలిగి మూల కూర్చునేది. మన నూకరత్నం కుళాయి పక్కన కూర్చుంది. దాని గురకంతా విని, ధార నిలబడ్డాకే మోగమని రాసింది. ఎంత ఓపికో చూడు. ఆ పిల్లని తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది.

మూడోరోజు గంట సరిగ్గా నీళ్ళొచ్చాకే మోగింది. పైడమ్మ మంచి నిద్రలోంచి ఉలిక్కిపడి లేచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నూకరత్నం అది చూసింది. ఇంకా ఒక తప్పు మిగిలే ఉందనుకుంది.

ఆ మర్నాడు పైడమ్మ లేచేసరికి పొద్దు వాలిపోయింది. గబగబా బిందెల దగ్గరికి వెళ్ళి చూస్తే అన్నీ నిండుగా ఉన్నాయి.

"గంట మోగనేదేటే?" అంది.

"మోగిందమ్మా. తీగ పొడుగు చేసి గంటని నా దగ్గర పెట్టుకున్నాను. నువ్వు పడుకో."

మర్నాడు గారెల మొదటి వాయి బండెక్కలేదు, నూకరత్నం పళ్ళెంలో పడింది.

కథ చేరె కంచికి,
కడవ చేరె ఇంటికి,
కునుకు రావె కంటికి.