రాజుగారి పొడుగాటి శాసనం

ఒకానొక రాజ్యంలో రాజుగారి పేరు పూర్తిగా పిలవాలంటే వందిమాగధులు నడుమ ఆగి మంచినీళ్లు తాగాల్సి వచ్చేది. పేరు విజయభుజంగరాయలు, ఫరవాలేదు. దాని ముందు వేలాడే బిరుదులే పొడుగు. పందిని వేటాడితే ఒక బిరుదు, పండితుణ్ణి ఓడిస్తే ఒక బిరుదు. మనిషి చెడ్డవాడు కాదు, వెన్నలాంటి మనసు. కాకపోతే పొగడ్త వినబడగానే ఆ వెన్న కరిగి ఎటు పారుతుందో ఆయనకే తెలిసేది కాదు.

ఆ మనసుతోనే ఒక పండగనాడు ఊళ్ల బాగు కోసం క్షేమనిధి ఒకటి పెట్టి, అవసరం ఉన్న ఊళ్లవాళ్లు అర్జీ పెట్టుకోండని దండోరా వేయించాడు. పెత్తనం కోశాధికారి శరభయ్యది. దేవుడు కరుణించినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? రాజుగారి కీర్తి కంటికి కనబడే పనులకే నిధి అని శరభయ్య నియమం రాసి, దాని కింద రాజముద్ర వేయించాడు. ఆ తరవాత బావి అడిగిన ఊరికి బావి రాలేదు గానీ, రాజుగారు బావిలోకి తొంగిచూస్తున్నట్టు ఒక బొమ్మ వచ్చింది.

ఆ కొలువులో రాజుకు తమలపాకులు చుట్టి ఇచ్చే అడపం పని చెంగన్నది. అతని సొంతూరు అవతలిగడ్డ. ఆ పల్లెకూ ఇవతలి కొత్తూరికీ నడుమ ఒక వాగు. ఎండాకాలం అందులో మోకాలి లోతు నీళ్లుండవు, వానాకాలం ఏనుగు కూడా దిగదు. మంత్రసాని నాగులమ్మ కాపురం కొత్తూళ్లో. కిందటేడు శ్రావణంలో అవతల ఒకామెకు నొప్పులొస్తే, నాగులమ్మ ఇవతలి గట్టున నిలబడి అలా చెయ్యండి, ఇలా పట్టండి అని గొంతు పోయేలా అరిచింది. వాగు హోరులో సగం వినబడలేదు. బిడ్డ దక్కలేదు. ఈ శ్రావణానికి చెంగన్న చెల్లెలి కూతురు పైడమ్మకు నెలలు నిండుతాయి.

నాగులమ్మ వంతెన కోసం అర్జీ పెట్టింది, తిరిగొచ్చింది. మళ్లీ పెట్టింది. ఈసారి శరభయ్య ఆమెను పిలిపించి మరీ చెప్పాడు.

"వంతెన మీద నడిచేవాడు జారిపడతానేమోనని కాళ్లకేసి చూసుకుంటాడు. రాజుగారిని తలుచుకుంటాడా? ఇందులో కీర్తి ఎక్కడుందమ్మా?"

ఆమె తిన్నగా చెంగన్న ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది. "ఒరే చెంగా, నిన్ను భూమ్మీద వేసిన చేతులివి. మీ రాజుగారి చెవిన ఒక్క మాట వెయ్యరా."

చెంగన్న వేశాడు. రాజు తాంబూలం నములుతూ గంభీరంగా అన్నాడు, "నియమమంటే నియమమే చెంగా. నా ముద్ర పడినదాన్ని నేనే మీరితే లోకం నవ్వదూ? తెలివైనవాడివే కదా, ఆ నియమంలో అక్షరం కదపకుండా నీ వంతెన సాధించుకో. నేను అడ్డురాను."

"మాట తప్పరుగా ప్రభూ?"

"సత్యవాక్యపాలక అన్న బిరుదు ఊరికే వచ్చిందా?"

చెంగన్నకు దిగులు పట్టుకుంది. పైడమ్మను చిన్నప్పుడు భుజాన మోసినవాడు. తల వంచుకుని ఇంటికి నడుస్తుంటే వెనక కోట గుమ్మంలో భటుడు రాజుగారి బిరుదులు చదవడం మొదలెట్టాడు. చెంగన్న వీధి చివరికి వచ్చేసినా వాడింకా చదువుతూనే ఉన్నాడు. చెంగన్న అక్కడే ఆగి, వెనక్కి తిరిగి చూసి, ఒక్కడే పకపకా నవ్వాడు. దారినపోయేవాళ్లు పాపం ఏమైందో అనుకున్నారు.

ఆ పూటే నాగులమ్మ దగ్గరికి వెళ్లాడు. "నాగులత్తా, మూడో అర్జీ పెట్టు. వంతెన మాట ఎత్తకు. రాజుగారి బిరుదులన్నీ చెక్కిన శిలాశాసనం మా వాళ్లకు కావాలని అడుగు."

"బిరుదులు నాకితే పురుడొస్తుందట్రా?"

"ముందు రాయి రానీ అత్తా. నువ్వు తాడు పట్టుకెళ్లి వాగు వెడల్పు కొలిచి ఉంచు."

శరభయ్య ఆ అర్జీని కళ్లకద్దుకున్నాడు. రాజు మురిసిపోయాడు. అప్పుడు చెంగన్న చేతులు కట్టుకుని, "ఒక్క సందేహం ప్రభూ. బిరుదుల్ని కిందా మీదా వరుసల్లో చెక్కితే, కింద పడిన బిరుదుకు చిన్నతనం కాదూ?" అన్నాడు.

"నిజమే. అన్నీ ఒకే వరుసలో ఉండాలి."

"నేల మీద పెడితే మేకలొచ్చి ఒళ్లు రుద్దుకుంటాయేమో."

"రాతి దిమ్మెలు కట్టి వాటి మీద పెట్టండి," అని శరభయ్యే తొందరపడ్డాడు. "పైన చెక్కితే కాకులు పాడుచేస్తాయి. పలకల పక్క అంచున చెక్కండి."

ఎక్కడ పెడతారని మాత్రం ఎవరూ అడగలేదు. శరభయ్య పుట్టి బుద్ధెరిగి ఏ పల్లే చూసినవాడు కాదు.

శిల్పులు బిరుదులన్నీ వరసగా పేర్చి పొడవు చెప్పారు. నాగులమ్మ తాడుతో సరిచూసి పెదవి విరిచింది. రెండు బారలు తక్కువ. ఆ సాయంత్రం చెంగన్న రాజుగారితో చదరంగానికి కూర్చుని, తన ఏనుగును తీసుకెళ్లి రాజుగారి బంటు నోట్లో పెట్టి ఓడిపోయాడు. చదరంగసార్వభౌమ అని ఒక బార కలిసింది. మర్నాడు పచ్చీసులో కూడా చిత్తుగా ఓడి రెండో బార సంపాదించాడు.

శ్రావణం వచ్చింది. శాసనం చూడాలని రాజు పరివారంతో బయలుదేరి, కొత్తూరి గట్టు దగ్గర పల్లకీ దిగి నోరు తెరిచాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా దిమ్మెల మీద రాతిపలకలు. పక్క అంచున బారులు తీరిన బిరుదులు. కింద ఎర్రనీళ్లు సుడులు తిరుగుతున్నాయి. పైన ఒక ముసలాయన మేకను తోలుకుంటూ తాపీగా వస్తున్నాడు.

"అపచారం," అని శరభయ్య వణికిపోయాడు. భటుల్ని పిలిచి బల్లేలు అడ్డం పెట్టించాడు.

సరిగ్గా అప్పుడే అవతలి గట్టు నుంచి చెంగన్న చెల్లెలు కేకేసింది. "నాగులత్తా, పైడికి నొప్పులొచ్చాయి. తొందరగా రా."

నాగులమ్మ చంకన మూటతో పరుగున వచ్చి బల్లేల ముందు ఆగింది. రాజును చూసి దణ్ణం పెట్టింది. "బాబూ, కాళ్లు కడుక్కునే నడుస్తాలే. పోనీయండి."

ఏనాడూ తడుముకోని చెంగన్న నాలుక ఆ క్షణాన తడబడింది. తమాయించుకుని రాజు పక్కకు వచ్చాడు.

"ప్రభూ, అక్షరాలు పక్కన ఉన్నాయి, ఎవరి కాలూ తగలదు. ఆ వరుస నడిమధ్యన ఆర్తరక్షక అని ఉంది చూడండి. మిగతా బిరుదుల సంగతి నాకు తెలియదు. అది నిజమో కాదో మాత్రం ఇప్పుడు తేలిపోతుంది."

రాజు ఆ రాతిని చూశాడు, ముసలామె మూటను చూశాడు. తన చేత్తోనే బల్లేన్ని పక్కకు తోసి, "నడువు తల్లీ," అన్నాడు.

ఆమె పరుగెత్తింది. రాజు తిరిగి పల్లకీ ఎక్కలేదు. జల్లు పడుతున్నా గట్టునే నిలబడ్డాడు, ఆయనతోపాటు అందరూ నిలబడ్డారు. పొద్దు వాలుతుండగా అవతలి నుంచి నాగులమ్మ కేక వినబడింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. చెంగన్న చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. రాజు కూడా కళ్లు తుడుచుకుని, వాన మీదికి నెట్టాడు.

తరవాత ఆయనకేదో తోచింది. "చెంగా, మొన్న చదరంగంలో నువ్వు..."

"రెండు బారలు తక్కువయ్యాయి ప్రభూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి చెంగన్న మెడలో వేశాడు. ఇకనుంచి అర్జీలో ఊరికి ఏం కావాలో అది చూడమని శరభయ్యతో గట్టిగా చెప్పాడు.

"ఈ శాసనానికి ఇంకో బిరుదు చేర్చాలి," అన్నాడు. "చెంగన్న చేతిలో ఓడినవాడు అని చెక్కించు."

"చోటు లేదు ప్రభూ. వాగు అయిపోయింది."

"అయితే ఇంకో వాగు వెతుకు," అన్నాడు రాజు, నవ్వు ఆపుకోలేక.