గుబురమ్మ తాగని తొలి గుటక

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన గుట్ట మీద, గుబురమ్మ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. ఒళ్ళంతా గుబురు జుట్టు, అందుకే ఆ పేరు. పళ్ళు సగం ఊడిపోయాయి. మోకాళ్ళు పట్టేశాయి. నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసేది. ఆ నోటికి జడిసి పులి కూడా గుట్ట చుట్టూ తిరిగి వెళ్ళేదని అడవిలో చెప్పుకునేవాళ్ళు. నిజమో కాదో పులినే అడగాలి.

ఆ అడవిలో ఏటా ఇప్పపూల పండుగ జరిగేది. ఎండలు మొదలవుతూనే పూలు రాలతాయి కదా, వాటిని ఏరి, తేనె కలిపి, ఊటనీళ్ళు పోసి, గుట్ట కింద బండలో ఉన్న పెద్ద గుంట నిండా పానకం చేసేవాళ్ళు. చిన్నా పెద్దా అందరూ గుంట చుట్టూ మూగి, ఒకరి భుజం ఒకరు రాసుకుంటూ, అందులోనే మూతులు పెట్టి తాగేవాళ్ళు. కాకపోతే ఒక ఆచారం ఉంది. అడవిలో అందరికన్నా పెద్దవాళ్ళు తొలి గుటక తాగాలి. అప్పటిదాకా ఎవరూ మూతి తడపకూడదు. చాలా ఏళ్ళుగా ఆ తొలి గుటక గుబురమ్మదే. ఏడాదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క గుటక ఒక ఎత్తు ఆవిడకి.

ఆ ఏడు మాత్రం పూలకన్నా ముందు దగ్గు వచ్చింది. అది మామూలు దగ్గు కాదు. ఒకరు దగ్గితే పక్కవాళ్ళకు, వాళ్ళు దగ్గితే వాళ్ళ పక్కవాళ్ళకు అంటుకునేది. వయసులో ఉన్నవాళ్ళు కొన్నాళ్ళు మూలన పడి లేచేవాళ్ళు. ముసలివాళ్ళు చాలామంది లేవలేదు. అవతలి కొండ మీది ముసలి కొండముచ్చు అలాగే పోయింది. ఆ కొండముచ్చూ గుబురమ్మా చిన్నప్పుడు ఒకే చెట్టు కింద ఆడుకున్నవాళ్ళు.

అడవికి పెద్ద దంతప్ప అనే ఏనుగు. ఆయన ఆలోచించి ఒక కట్టడి పెట్టాడు. వడ్రంగి పిట్ట ఎండిన మోడు మీద టకటకా కొట్టి చాటింపు వేసింది.

"ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమేమనగా! ఎవరి నెలవులో వాళ్ళుండాలి! ఒకరి దగ్గరికి ఒకరు పోరాదు! ఇది దంతప్పగారి మాటహో!"

"మరి పండుగ?" అని అందరూ ఒకేసారి అడిగారు.

దంతప్ప చెవులు విసురుకుని, "తొలి గుటక గుబురమ్మది. ఆవిడ తాగితేనే పండుగ. జరపాలో వద్దో ఆవిడనే అడగండి" అని మెల్లగా తప్పుకున్నాడు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళకు ఇలాంటి తెలివి బాగా ఉంటుంది పిల్లలూ.

అంతే, గుబురమ్మ గుట్ట కిందికి ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలుపెట్టారు.

మొదట జింక వచ్చింది. "అత్తా, నా బుజ్జిదానికి ఇది మొదటి పండుగ. దాని ముచ్చట తీరొద్దా?" అంది.

"చూద్దాంలే తల్లీ" అంది గుబురమ్మ.

తర్వాత కోతి వచ్చింది. "పిన్నీ, ఒంటరిగా కొమ్మ మీద కూర్చోలేక చస్తున్నా. నా తోకతో నేనే మాట్లాడుకుంటున్నా. ఒక్క పూట కలుద్దాం పిన్నీ!" అంది.

"చూద్దాంలేవే" అంది గుబురమ్మ.

చివరికి ఆవిడ కొడుకు కంబళయ్య వచ్చాడు. అతని గుహ పక్క లోయలో ఉంది. కట్టడి ప్రకారం కిందనే ఆగి, తలెత్తి అమ్మను చూశాడు.

"పండుగ జరుపుదామే అమ్మా. నీ కోసమే అడుగుతున్నా."

"నా కోసమా? నేనేం అడిగాన్రా నిన్ను?"

"నీకు వయసైపోయింది. వచ్చే ఏడాదికి..." అని కంబళయ్య ఆగిపోయాడు.

"వచ్చే ఏడాదికి నేనుంటానో ఉండనో, అంతేగా?"

కంబళయ్య తల వంచుకున్నాడు. "ఆ గుటక నీకు దక్కకుండా పోతే నా మనసు ఊరుకోదమ్మా" అన్నాడు.

కొడుకు వెళ్ళిపోయాక గుబురమ్మ చాలాసేపు గుహ ముందే కూర్చుంది. గాలికి ఇప్పపూల వాసన వస్తోంది. ఆవిడ నోట్లో నీళ్ళూరాయి. వెళ్ళాలనే ఉంది. అందరి మధ్యా నిలబడి, అందరూ చూస్తుండగా ఆ గుటక తాగాలనే ఉంది. ఇందులో దాచుకోవడానికేముంది?

ఎదుటి బొరియలో సూదమ్మ అనే ముళ్ళపంది ఉంటుంది. అదీ ముసలిదే.

"ఏమే సూదమ్మా, విన్నావా? నన్నేం చెయ్యమంటావ్?" అని అడిగింది గుబురమ్మ.

సూదమ్మ ముళ్ళు గలగలలాడించి నవ్వింది. "నన్నా అడుగుతున్నావు! ఇన్ని పండుగలు చేశాం కదా, ఏనాడైనా ఎవరైనా నా భుజం రాసుకున్నారా?"

గుబురమ్మ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"అందరూ తాగి వెళ్ళాక అడుగున మిగిలింది తాగేదాన్ని" అంది సూదమ్మ. "అందాకా దూరంగా నిలబడి ముళ్ళు గలగలలాడించేదాన్ని. ఎవరో ఒకరు ఇటు తిరిగి, 'అదిగో, సూదమ్మ వచ్చింది' అనేవాళ్ళు. నాకు పండుగ అయిపోయేది."

"అయ్యో, నేనెప్పుడూ గమనించనేలేదే!"

"అయ్యో అనకు. నేను బాధపడి చెప్పడం లేదు. దూరంగా ఉండి కూడా పండుగ చేసుకోవచ్చని చెబుతున్నా. నాకు అలవాటే. మీకే కొత్త."

గుబురమ్మకు ఆ మాట మనసులో నాటుకుంది. తెల్లవారగానే వడ్రంగి పిట్టను పిలిచింది.

"ఈ ఏడు నేను తొలి గుటక తాగను. గుంట ఎండిపోతే పోనీ. పండుగనాడు పొద్దు పొడవగానే నేను గుట్ట మీంచి 'హో' అని అరిచి, ఒక పువ్వు నోట్లో వేసుకుంటాను. తర్వాత మీరంతా ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి, ఒక్కొక్కరే 'హో' అని, తలా ఒక పువ్వు నోట్లో వేసుకోండి. అదే మన పండుగ. ఇలాగే చాటు."

అడవిలో ఎవరికీ ఇది నచ్చలేదు. "ఇదేం పండుగ! పొలంలో పిట్టల్ని తోలినట్టు!" అని కోతి మూతి ముడుచుకుంది. కంబళయ్యకైతే దుఃఖం ముంచుకొచ్చింది. అమ్మ మన కోసం మనసు చంపుకుందని అనుకున్నాడు.

పండుగ ఇంకా రానేలేదు, వాగు ఒడ్డున నక్కలు మాత్రం ముందే మొదలుపెట్టేశాయి. చాటుగా చిన్న గుంట తవ్వి పానకం కలిపాయి. ఆ సంగతి తెలిసి కంబళయ్య అక్కడికి వెళ్ళాడు. అమ్మకు ఒక దొప్పెడు పానకం తేవాలి, అంతే అతని కోరిక. వెళ్ళాక నక్కలు రారమ్మంటే కాదనలేక, వాళ్ళ మధ్య మూతి పెట్టి తనూ తాగాడు.

దొప్ప నిండా పానకం పట్టుకుని పరుగున వచ్చి, గుట్ట మధ్యలో ఉన్న చదును రాయి మీద పెట్టాడు.

"అమ్మా, నీ గుటక తెచ్చాను! దిగి రా!"

వాసనకు గుబురమ్మ కాళ్ళు వాటంతట అవే కదిలాయి. నాలుగడుగులు వేసి ఆగింది.

"ఎక్కడిది నాయనా?"

"నక్కల దగ్గరిది."

"అక్కడ ఎవరైనా దగ్గారా?"

కంబళయ్య నసిగాడు. "ముసలి నక్కకి... ఊరికే పొలమారింది, అంతే."

గుబురమ్మ ఒక పొడుగాటి కర్ర తీసుకుంది. దూరం నుంచే దొప్పను నెట్టింది. పానకమంతా రాళ్ళ మధ్యకు కారిపోయింది. కంబళయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ కోసం తెచ్చానే అమ్మా!"

"తెలుసురా. నీ ప్రేమ నాకు చేరింది. దగ్గు చేరకూడదు. నాకిది చివరి పండుగ అయినా ఫరవాలేదు నాయనా, ఎన్నో చూశాను. నీకు కాకూడదు. గుహలోకి పోయి పడుకో. ఎవరి దగ్గరికీ పోకు."

ఆవిడ భయపడినట్టే అయింది. వాగు ఒడ్డున నక్కలన్నీ దగ్గడం మొదలుపెట్టాయి. ముసలి నక్క ఇక లేవలేదు. లోయలో కంబళయ్య కూడా దగ్గుతూ పడిపోయాడు. గుబురమ్మ కుంటుకుంటూ రోజూ తేనెపట్టు తెచ్చి, ఆ చదును రాయి మీద పెట్టి వెనక్కి వెళ్ళేది. కంబళయ్య మెల్లగా వచ్చి తీసుకునేవాడు. తల్లీకొడుకులు అల్లంత దూరం నుంచి ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. అయితే పండుగకు ముందురోజు పెట్టిన తేనె పెట్టినట్టే ఉండిపోయింది.

పండుగ వచ్చింది. పొద్దు పొడిచింది. గుబురమ్మ గుట్ట కొసన నిలబడి, ఉన్న బలమంతా తెచ్చుకుని "హో!" అని అరిచింది. ఒక పువ్వు నాలుక మీద పెట్టుకుంది.

ఆ తర్వాత దంతప్ప ఘీంకారం వినిపించింది. జింక "హో" అంది, వెనకే దాని బుజ్జిది సన్నగా "హో" అంది. మూతి ముడుచుకున్న కోతి అందరికన్నా గట్టిగా అరిచింది. సూదమ్మ ముళ్ళు గలగలలాడాయి. ఎక్కడో చెట్టు తొర్రలోంచి ఉడత కూడా కిచమంది. ఇన్నేళ్ళ పండుగల్లో గుబురమ్మ ఉడత గొంతు ఎప్పుడూ వినలేదు. ఆ తోపులాటలో ఎలా వినపడుతుంది? ఇవాళ ఒక్కో గొంతూ విడివిడిగా వచ్చి చెవిలో పడుతోంది. ఇది ఉంది, ఇదీ ఉంది, అమ్మయ్య, ఇది కూడా ఉంది అనుకుంది గుబురమ్మ.

లోయలోంచి మాత్రం ఏ గొంతూ రాలేదు.

పువ్వు ఆవిడ నాలుక మీదే ఉండిపోయింది. మళ్ళీ "హో!" అంది. లోయ పలకలేదు. లోయవైపుకే తిరిగింది. మూడోసారి అరిచింది.

అప్పుడు లోయలోంచి ఒక దగ్గు వినిపించింది. దాని వెనకే బొంగురుగా, "హో... ఉన్నానే అమ్మా" అని వినిపించింది.

గుబురమ్మ ఉన్నచోటే కూలబడింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి.

"ఏడుస్తున్నావా?" అని అడిగింది ఎదుటి బొరియలోంచి సూదమ్మ.

"లేదే. పువ్వు తియ్యగా ఉంది" అంది గుబురమ్మ. "ఎన్ని పండుగల్లో ఎంత పానకం తాగాను! ఇంత తీపి ఎప్పుడూ ఎరగనే. నాకింతమంది ఉన్నారని ఇవాళే తెలిసింది."

ఆ ఎండలు పోయాయి, వానలు వచ్చాయి. దగ్గు కూడా వచ్చిన దారినే పోయింది. మళ్ళీ ఇప్పపూలు రాలాయి. గుంట నిండా పానకం, చుట్టూ ఆత్రంగా మూగిన అడవి. కంబళయ్య గొంతులో కాస్త బొంగురు మిగిలింది గానీ, గుంటెడు పానకం ఒక్కడే తాగేలా ఉన్నాడు. గుబురమ్మ కూడా వచ్చింది. వచ్చే ఏడాదికి ఉంటుందో ఉండదో అన్నారే, ఆ గుబురమ్మే!

అందరూ దారి ఇచ్చారు. ఆవిడ గుంటలో మూతి పెట్టలేదు.

"ముందు పిలుపు" అంది.

ఒక్కొక్కరే "హో" అన్నారు. ఉడత వంతు వచ్చినప్పుడు అందరూ నోరు మూసుకుని విన్నారు. చివరికి దూరంగా రాతి పక్కన ముళ్ళు గలగలలాడాయి. గుబురమ్మ అటు తిరిగింది.

"అదిగో, సూదమ్మ వచ్చింది! జరగండర్రా, జరగండి. సూదమ్మా, ఈ ఏడు తొలి గుటక నీది."

అందరూ ముళ్ళు గుచ్చుకోనంత దూరం జరిగి దారి ఇచ్చారు. దూరం జరగడం ఇప్పుడు అందరికీ బాగా వచ్చు కదా! సూదమ్మ మెల్లగా నడిచి వచ్చి, నిండుగుంటలో మొదటిసారి మూతి పెట్టింది.

నీతి: మనవాళ్ళంతా క్షేమంగా ఉంటే ఏ రోజైనా పండుగే. వాళ్ళ క్షేమం కోసం ఒక పండుగనాడు దూరంగా ఉండటం కూడా ప్రేమే.